కాఫీ రంగు చీర

మా ఇంట్లో చీరల కొనుగోలు శాఖ నుంచి నన్ను తప్పించి రెండేళ్ళు దాటింది. ఇప్పుడు నా హోదా సంచి మోసే మనిషి. కొట్లో కుర్చీ వేస్తారు, కూర్చుంటాను. "మాస్టారూ, మీరూ ఓ మాట చెప్పండి" అని గుమస్తా మర్యాదకి అడిగితే మా ఆవిడ నా వైపు చూడకుండానే "ఆయనకి కాఫీ ఇవ్వండి బాబూ, చాలు" అంటుంది. 'కాఫీ' అనే మాట దగ్గర ఆవిడ గొంతు కాస్త ఆగుతుంది. ఎందుకాగుతుందో కొట్టువాళ్ళకి తెలీదు. నాకు తెలుసు. చెప్పుకుంటే సిగ్గుచేటే గానీ, అరవై ఆరేళ్ళొచ్చాక సిగ్గు దాచుకుని మాత్రం ఏం చేసుకోను?

నేను ముప్పై మూడేళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో డ్రాయింగు మాస్టారుని. లోయరూ హయ్యరూ పాసై, టి.టి.సి. చేసి, గుంటూరు జిల్లాలో ఓ అరడజను ఊళ్ళు తిరిగాను. రామాలయం గోపురానికి రంగులేస్తున్నా, ఎవరింటి గేటుకైనా ఏ పచ్చ వెయ్యాలో తేలకపోయినా నాకు కబురొచ్చేది. అలాంటివాడికి సొంత భార్య చీర ఎంచే హక్కు అడక్కుండానే వచ్చిందనుకున్నాను. ఆవిడ ఇచ్చిందని కాదు, ఆవిడ కాదనలేదని. కాదనకపోవడం, ఒప్పుకోవడం ఒకటి కాదని తెలుసుకోడానికి నాకు ఒక ఆపరేషన్ కావలసి వచ్చింది.

ఆవిడకి యాభై నిండేసరికి చెవుల దగ్గర, పాపిట్లో తెలుపు కనపడింది. అంతే, నాకు 'వయసుకి తగ్గ రంగు' అనే పూనకం వచ్చింది. పెద్దరికమంటే లేత రంగులు. గంధం, బిస్కెట్, ఉల్లిపొర, లేత బూడిద. వెంకటగిరి కొన్నా గంధమే, మంగళగిరి కొన్నా గంధమే. ఎర్ర అంచున్నది ఆవిడ చేతిలోకి తీసుకుంటే "మనవలొచ్చే వయసులో ఏం బాగుంటుందే" అని వెనక్కి పెట్టించాను. ఈ నియమం ఆడవాళ్ళకేనని వేరే చెప్పాలా? ఆ ఏడాదే నేను ఎర్రచారల టీషర్టు కొనుక్కుని పొద్దున్నే నడక మొదలెట్టాను.

ఆరు నెలలు తిరిగేసరికి ఏ పెళ్ళికి వెళ్ళినా ఒకటే పరామర్శ. "ఏం వదినా, ఒంట్లో బాగుండటంలేదా?" "షుగరేమైనా వచ్చిందా అక్కా?" "అలా పాలిపోయావేంటి?" నాకు నిజంగానే భయం పట్టుకుంది. తెనాలి తీసుకెళ్ళి రక్తపరీక్షలన్నీ చేయించాను. హిమోగ్లోబిన్ 12.6. షుగరు లేదు. థైరాయిడ్ లేదు. డాక్టరు టానిక్కు రాశాడు, అదీ నేను బలవంతం చేస్తే. ఆవిడ ఆ టానిక్కు సీసా పట్టుకుని అద్దం ముందు నిలబడి, "జబ్బు నాది కాదేమోనండీ, చీరదేమో" అంది. నేను నవ్వి ఊరుకున్నాను. ఆడవాళ్ళ మాట కింద జమ కట్టాను.

ఇక్కడ నా పాపం రెండింతలు. ఎందుకంటే ఆ చీర ఏం చేస్తోందో బళ్ళో ప్రతి ఏడూ ఏడో తరగతి పిల్లలకి నేనే చెప్పేవాణ్ణి. ఎర్రగుడ్డ మీద మట్టికుండ పెట్టి బొమ్మ గీయమనేవాణ్ణి. "ఒరేయ్, కుండ అడుగున నీడంతా నలుపని పూసేయకండి. గుడ్డ మీద పడ్డ వెలుగు ఎగిరి కుండకి తగుల్తుంది, అక్కడ ఎరుపు జీర కనపడుతుంది, కళ్ళు పెట్టి చూడండి" అని బెత్తంతో చూపించేవాణ్ణి. చీరా అంతే. పైట భుజమ్మీంచి వెళ్ళేది ముఖానికి జానెడు దూరంలో. దాని మీద పడ్డ వెలుగు గడ్డం కిందకీ, కళ్ళ కింద గుంటల్లోకీ ఎగురుతుంది. కుండకి చూపించినవాణ్ణి, కట్టుకున్న భార్య ముఖం దగ్గర చూళ్ళేదు.

ఆవిడది చామనఛాయ, అందులో పసుపు జీర. గంధం రంగు కూడా ఆ కుటుంబమే. బట్టకీ మనిషికీ మధ్య గీత చెరిగిపోయింది. వయసులో ఉండగా అయితే నల్లటి జుట్టు, నల్లటి కనుబొమలు ముఖానికి పటం కట్టినట్టుండేవి, ఏ రంగు కట్టినా చెల్లింది. జుట్టు నెరిసేకొద్దీ ఆ పటం పలచబడుతుంది. కళ్ళకింద నీడ దిగుతుంది, బుగ్గల మీద మంగు కనపడుతుంది, చర్మం అంతటా ఒకే రంగుగా ఉండదు. అలాంటప్పుడు బట్టలోంచి కాస్త ఆసరా అందాలి. నేను ఉన్న ఆసరా కూడా లాగేశాను. మా అమ్మమ్మ డెబ్భై ఏళ్ళప్పుడు అంత కళగా ఎలా ఉండేదా అని ఇప్పుడు ఆలోచిస్తే, రూపాయి కాసంత కుంకుమ బొట్టు, రెండు రాళ్ళ ముక్కుపుడకలు, ముదురు జరీ అంచు. ఆవిడకి ఏ డ్రాయింగు మాస్టారూ సలహా ఇవ్వలేదు.

మా ఆవిడ తన మానాన తను ఒక విరుగుడు కనిపెట్టింది. గంధం చీర మీదకి మిరపపండు రంగు జాకెట్టు. చీర నాది, మెడ దగ్గరి ముక్క తనది. ముఖం వెంటనే లేచొచ్చేది. నేనేం చేశానంటారు? "మ్యాచింగ్ కాదు" అని మార్పించాను. రెండుసార్లు.

ఆ రోజుల్లోనే మా అమ్మాయి నాకు రంగుల మీద ఒక పుస్తకం కొనిచ్చింది. అందులో షెవ్రల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త కథ ఉంది. 1824లో ఆయన్ని పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకాలకి పెద్దగా వేశారట. అక్కడ ఒక ఫిర్యాదు: నల్ల రంగు పేలవంగా వస్తోంది, నీలం, ఊదా పక్కన నేస్తే మరీ వెలవెలబోతోంది అని. ఆయన ఉన్ని తెప్పించి పరీక్ష చేశాడు. అద్దకంలో లోపం లేదు. పక్కనున్న రంగు నలుపుని మార్చి చూపిస్తోంది. రంగుకి ఇరుగుపొరుగే ప్రాణమన్నమాట. దాని మీద పనిచేసి 1839లో పెద్ద గ్రంథం అచ్చు వేశాడు. 102 ఏళ్ళు బతికాడు కూడా. ఆ గ్రంథంలో ఏ ఛాయ ఆడవాళ్ళ ముఖం పక్కన ఏ రంగు బట్ట ఎలా పనిచేస్తుందో కూడా రాశాడని చదివేసరికి నాకు ఒళ్ళు పులకరించింది. పాలిపోయిన బుగ్గ పక్కన లేత ఆకుపచ్చ పెడితే బుగ్గలో గులాబీ పైకి తేలుతుందట.

మర్నాడే లేత మామిడాకు పచ్చ చీర తెచ్చాను. ఆయన చెప్పిన బుగ్గలో గులాబీ ఉంది. మా ఆవిడ బుగ్గల్లో ఉన్నది మంగు. పచ్చ పక్కన పెట్టగానే ఏ ఎరుపుగోధుమ మచ్చలయితే ఇన్నాళ్ళూ చర్మంలో కలిసిపోయి ఉన్నాయో అవన్నీ ఒక్కొక్కటీ లేచి దండం పెట్టాయి. సూత్రం తప్పలేదు. నేను ముఖం చూడకుండా సూత్రం చూశాను.

"ఆ ఫ్రెంచాయన వాళ్ళావిడ ఏం రంగు కట్టేదో రాశాడా?" అంది మా ఆవిడ.

పుస్తకమంతా వెతికాను. రాయలేదు.

ఇక ఇంకో భాగోతం. ఆ కాలంలో నా తెల్లచొక్కాలు, పంచెలు ఎంత ఉతికినా పసుపుగానే కనిపించేవి. చాకలి మనిషిని మార్చాను. సబ్బు మార్చాను. బోరు నీళ్ళని తిట్టాను. చివరికి ఈ పని ఆడవాళ్ళ వల్ల కాదని నేనే బకెట్టు ముందు కూర్చుని నీలిమందు వెయ్యడం మొదలెట్టాను. నాలుగు చుక్కలు వెయ్యాల్సిన చోట ఎనిమిది, ఎనిమిది వెయ్యాల్సిన చోట మూతకి మూత. అప్పటికి కాస్త తెల్లగా కనపడేది. నడకకి వచ్చే మిత్రులు నన్ను 'నీలకంఠం మాస్టారు' అని పిలవడం మొదలెట్టారు. శివరాత్రికి గుళ్ళో ఉపన్యాసం చెప్పాను కదా, అందుకని అనుకున్నాను. చాలా సంతోషించాను కూడా.

ఆ తర్వాత నా షష్టిపూర్తి వచ్చింది. పిల్లలిద్దరూ ఘనంగా చేస్తామన్నారు. పీటల మీదకి మధుపర్కాలు సరే, సాయంత్రం ఆవిడ కట్టుకునే పట్టుచీర మాత్రం నా చేత్తో కొనాలని పట్టుబట్టాను. మళ్ళీ పెళ్ళికొడుకుని కదా. విజయవాడలో పెద్ద కొట్టుకే వెళ్ళాం. కొట్టు నిండా దీపాలు. పట్టపగలు కూడా అక్కడ పగలు కనపడదు. కొన్ని దీపాలు పచ్చగా, కొన్ని తెల్లగా, జరీ మెరవడానికి ఒక తీరు, పట్టు నిగారింపుకి ఒక తీరు. ఆ వెలుతుర్లో నచ్చిన చీర ఇంటికొచ్చేసరికి ఇంకో చీర అవుతుంది. రెండు వేరువేరు అద్దకాలు ఒక దీపం కింద అచ్చంగా ఒకటే అనిపించి, ఎండలోకి తెస్తే ఎడమొగం పెడమొగం అవుతాయి. మన ఆడవాళ్ళు జాకెట్టు గుడ్డ పట్టుకుని మ్యాచింగ్ సెంటర్ గుమ్మం దిగి రోడ్డు మీదకి ఎందుకొస్తారో ఎప్పుడైనా గమనించారా? వాళ్ళకి ఏ పుస్తకమూ అక్కర్లేదు.

గుమస్తా ధర్మవరాలు ఓ ముప్పై పరిచాడు. మా ఆవిడ ఒక్కటీ ముట్టుకోలేదు, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను కళ్ళద్దాలు సర్దుకుని ఒకటి లాగాను. ముదురు గోధుమ రంగు. కాఫీ గింజ రంగు. సన్నజరీ, హుందాగా ఉంది. "ఇదీ చీరంటే! ఇన్నాళ్ళూ లేతవి కొన్నాను, పొరపాటే. ముఖానికి ఆసరా కావాలి. ఇదిగో, కాఫీ రంగు. ముదురే గానీ గోల లేదు. అరవై ఏళ్ళవాడి పెళ్ళాం కట్టుకునే రంగు" అన్నాను.

గుమస్తా నోరు తెరిచాడు. ఆ నోరు తెరవడం నాకు ఇప్పటికీ గుర్తే. మా ఆవిడ అతని వైపు చూసింది. అతను నోరు మూశాడు.

"ఆయన ఏ రంగంటే అదే రంగు. కట్టేయండి బాబూ" అంది.

పాతికేళ్ళు దాటిన కాపురంలో ఇంత వినయం ఎప్పుడూ చూళ్ళేదు. బస్సులో వస్తూ దారంతా మురిసిపోయాను.

షష్టిపూర్తి సాయంత్రం ఆ చీర కట్టుకుని ఆవిడ హాల్లోకి వస్తే అందరూ తలలు తిప్పారు. ఒక్కరు కూడా ఒంట్లో బాగుందా అని అడగలేదు. మా చెల్లెలు గబగబా నా దగ్గరికొచ్చి, "భలే ధైర్యం చేశావే అన్నయ్యా! వదినకి నేరేడుపండు రంగు కొన్నావా? పదేళ్ళు తగ్గిపోయింది" అంది.

"నేరేడుపండేమిటే, అది కాఫీ రంగు" అన్నాను.

"కాఫీయా? నీకేమైనా..."

"ముందు నువ్వు కళ్ళు చూపించుకో. చత్వారం ముదిరింది నీకు."

నలుగురిలో అన్నాను. అది చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. తర్వాత ఒకళ్ళూ ఇద్దరూ "వంగపండు రంగు బాగా నప్పింది", "ఊదా చీర అదిరింది" అంటూంటే మన జనానికి రంగుల జ్ఞానం ఎంత తక్కువో, స్కూళ్ళలో డ్రాయింగు పీరియడ్లు లెక్కల మాస్టార్లకి అప్పగిస్తే ఇంతే కదా అని మనసులో బాధపడ్డాను.

ఆల్బం వచ్చింది. నాకు ఫొటోల్లో కూడా అది కాఫీ రంగుగానే కనపడింది గానీ, పక్కవాళ్ళంతా 'చూశారా, ఎంత ఊదాగా ఉందో' అనేసరికి లోపం కెమెరాదని తేల్చాను. ఆల్బం చంకన పెట్టుకుని స్టూడియోకి వెళ్ళి, నీలం ఎక్కువ కొట్టావు, తగ్గించి మళ్ళీ వెయ్యమన్నాను. కుర్రాడు నా శిష్యుడే. "మాస్టారూ, ఉన్నదే వచ్చిందండీ" అన్నాడు. "నాకు రంగులు చెప్తావురా?" అన్నాను. గురువు మాట కాదనలేక కంప్యూటర్ ముందు నన్ను కూర్చోబెట్టి నేను చాలన్నదాకా నీలం తగ్గిస్తూ పోయాడు. ఆ రెండో ఆల్బం ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. పురోహితుడు, వియ్యంకులు, మనవడు, వంటవాళ్ళు, నూట నలభై మందికి పచ్చకామెర్లు. పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చన అని సామెత కదా, నేను ఒక అడుగు ముందుకేసి డబ్బిచ్చి మరీ లోకానికి పచ్చరంగు పూయించాను.

కళ్ళద్దాలు ఇంకో మూడేళ్ళలో మూడుసార్లు మార్చాను. రాత్రిపూట ఎదురొచ్చే బండి దీపం చుట్టూ దారాలు లేచేవి. మా ఆవిడ కళ్ళాసుపత్రికి వెళ్దామని పోరేది. రంగుల మాట మాత్రం ఎత్తేది కాదు. చివరికి గుంటూరులో చూపిస్తే రెండు కళ్ళలోనూ శుక్లం, కుడికన్ను ముందు చేద్దామన్నారు. డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పింది. కంట్లో కటకం పుట్టినప్పుడు నీళ్ళలా ఉంటుంది. వయసుతో పసుపు తిరుగుతుంది, శుక్లం ముదిరితే గోధుమ రంగుకొస్తుంది. పసుపు అడ్డం పడితే ముందు దెబ్బతినేది నీలం, ఊదా. ఇది ఒక్కరోజులో జరగదు, ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా జరుగుతుంది కనక మనసు సర్దుకుపోతుంది, మనిషికి తెలీదు. "ఎన్నేళ్ళుగా డికాషన్‌లోంచి చూస్తున్నారో మాస్టారూ" అంది నవ్వుతూ. ఆ మాటకి మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దగ్గనుకున్నాను.

కట్టు విప్పిన రోజు ఆసుపత్రి గోడ చూసి ఉలిక్కిపడ్డాను. అంత తెలుపు నేను ఎన్నేళ్ళయిందో చూసి. తెలుపులో కాస్త నీలం కూడా తోచింది. కుడికన్ను మూసి ఎడమకంటితో చూస్తే అదే గోడ పాత పంచాంగం కాగితం. ఎడమది మూస్తే పాలు. ఇది మూసి అది, అది మూసి ఇది, గంటసేపు అదే ఆట. పక్క మంచం ముసలాయన నేను నర్సుకి కన్ను కొడుతున్నాననుకున్నాడు.

క్లోద్ మొనే అనే గొప్ప చిత్రకారుడికి 1912లో శుక్లాలున్నాయని చెబితే 1923 దాకా ఆపరేషన్ వాయిదా వేశాడు. ఆ మధ్య వేసిన బొమ్మల్లో ఎరుపూ గోధుమా ముదిరిపోయాయి. ఆపరేషన్ తర్వాత లోకం మరీ నీలంగా ఉందని గోల పెట్టాడు. ఈ సంగతి నాకు ముందే తెలుసు, పిల్లలకి కథలా కూడా చెప్పాను. మొనే కళ్ళ గురించి తెలుసు, నా కళ్ళ గురించి తెలీదు. ఆయన బొమ్మల్ని మ్యూజియాల్లో పెట్టారు. నా నీలం పంచెలు నేనే కట్టుకుని ఊరంతా తిరిగాను.

ఇంటికొచ్చి గుమ్మంలో మా ఆవిడ ముఖం చూశాను. అంత వెలుగులో, అంత దగ్గరగా. మళ్ళీ నోరు జారాను.

"నీకు ఇన్ని ముడతలెప్పుడొచ్చాయే?"

"మీకు కళ్ళొచ్చినప్పుడు" అంది.

మధ్యాహ్నం ఆవిడ పడుకున్నాక బీరువా తీశాను. వరసగా గంధాలు, బిస్కెట్లు. బూడిద అనుకున్నది వంగపువ్వు రంగు. వాటి మధ్య మడతపెట్టి ఉంది నా కాఫీ రంగు చీర. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి కుడికంటితో చూశాను. నేరేడుపండు. వర్షాకాలం మొదట్లో చెట్టుకింద రాలి చితికిన పండు రంగు, నాలిక మీద సాయంత్రం దాకా పోని రంగు. ఎడమకంటితో చూశాను. కాఫీ. అలా చూస్తూ నిలబడితే వెనకనుంచి గొంతు వినపడింది. పడుకోలేదన్నమాట.

"ఏ రంగండీ?"

నేను సమాధానం చెప్పలేదు. అడిగాను. "ఆ రోజు కొట్లో నీకు తెలుసా?"

"ఎందుకు తెలీదు? నీలిమందు మూతలకి మూతలు గుమ్మరిస్తున్నప్పుడే అనుమానమొచ్చింది. ఆ గుమస్తా చెప్పబోతే కళ్ళతోనే ఆపాను."

"మరి నాకు చెప్పకూడదూ?"

"చెప్తే వింటారా? మీ చెల్లెలు చెబితే దాన్నే కళ్ళు చూపించుకోమన్నారు." చీర నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ మడతపెట్టడం మొదలెట్టింది. "పెళ్ళిచూపులకి ఈ రంగు ఓణీ వేసుకుంటానంటే మా అమ్మ వద్దంది, ముదురు రంగు వేస్తే నల్లగా కనపడతావని. పెళ్ళయ్యాక మీకు అన్నీ గులాబీలు, నిమ్మపండ్లు. యాభై వచ్చాక గంధం. నాకు నచ్చిన రంగు నాకంటూ ఎవరు కొంటారు? మీ అంతట మీరు లాగి, కాఫీ అని ముద్దుపేరు పెట్టి మరీ కొంటుంటే నేనెందుకు కాదనాలి? ఆ రోజే మీకు ఆపరేషన్ అయ్యుంటే ఈ చీర నాకొచ్చేదా?"

రాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆవిడకి నప్పిన ఒకే ఒక్క చీర నేను కొన్నది, అది కనపడక కొన్నది.

తర్వాత చెయ్యాల్సినవి చేశాను. చెల్లెలికి ఫోన్ చేశాను, అది నవ్వి నవ్వి ఫోన్ వాళ్ళాయనకిచ్చింది. స్టూడియో కుర్రాడికి రెండో ఆల్బం సంగతి చెబితే "నాకప్పుడే అర్థమైందండీ" అన్నాడు. లోకంలో అర్థంకానివాణ్ణి నేనొక్కణ్ణే. గంధం చీరలన్నీ ఆవిడ స్టీలు సామాన్లవాడికి వేసి ఓ పెద్ద బేసిన్ తీసుకుంది. ఎడమకన్ను కూడా చేయించాను. ఇప్పుడు లోకంలో కాఫీ రంగు కాఫీలోనే ఉంది.

మొన్న శ్రావణ శుక్రవారానికి మంగళగిరి చీర తెచ్చుకుంది. మిరపపండు రంగు, నిజాం అంచు. తనే వెళ్ళి నేతగాళ్ళ ఇంటి అరుగు మీద, పగటి వెలుగులో ఎంచుకుంది. జాకెట్టు గుడ్డ కోసం మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్ళాం. రెండు ముక్కలు పట్టుకుని, చీర మడత భుజమ్మీద వేసుకుని, గుమ్మం దిగి రోడ్డు మీదకొచ్చింది. వెనకే కొట్టు కుర్రాడు. నేనప్పటికే సంచితో అక్కడున్నాను. రెండు ముక్కలూ మెడ దగ్గర పెట్టుకుని చూసుకుంటోంది. ఒకటి కాస్త ఇటుక రంగులోకి పోతోంది, రెండోది సరిపోయింది. నాకు ఇప్పుడు స్పష్టంగా కనపడుతోంది. చెబుదామని ఒక అడుగు ముందుకేశాను.

"ఏవండీ, వెలుగుకి అడ్డం వచ్చారు" అంది. "కాస్త అవతలికి జరగండి."